పొంతన కుదరని చోట ఆగాలి: అరుదైన గుండె జబ్బుల నిర్ధారణపై సమీక్ష

విజయవాడ సూర్యారావుపేట, గవర్నర్‌పేట వీధుల్లో ఇవాళ ఈసీజీ, ఎకో, సీటీ స్కాన్ ఒక్క పూటలో అయిపోతాయి. అవనిగడ్డ, కైకలూరు, గుడివాడ, రేపల్లె వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు రాత్రికల్లా రిపోర్టులు చేతపట్టుకుని ఇంటికి చేరుతున్నారు. నగరంలో 1980లో మొదలైన సిద్ధార్థ వైద్య కళాశాల, నదికి అవతల 1946 నాటి గుంటూరు వైద్య కళాశాల, ఈమధ్యే వచ్చిన మంగళగిరి ఎయిమ్స్, వీటి చుట్టూ పెరిగిన ప్రైవేటు ఆసుపత్రులు అన్నీ కలిపి చూస్తే, కృష్ణా డెల్టాలో గుండెను బొమ్మ తీసి చూసే సాధనాలకు మునుపటి కరువు లేదు. అయినా గుండెపోటు, కవాటాల జబ్బు, బీపీ వల్ల బలహీనపడ్డ గుండె అనే మూడు నాలుగు మామూలు పేర్లలో ఇమడని జబ్బు వచ్చినప్పుడు, దానికి సరైన పేరు దొరికేలోగా రోగి పొట్ట డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరు, నరాల డాక్టరు చుట్టూ తిరిగే ప్రమాదం ఇప్పటికీ ఉంది. ఇంకా పెద్ద యంత్రం వస్తే ఈ తిరుగుడు తప్పుతుందన్నది మన దగ్గర బాగా నాటుకున్న నమ్మకం. నా వాదన వేరు. అరుదైన గుండె జబ్బు ఏదో ఒక్క బొమ్మలో తనంతట తాను బయటపడటం తక్కువ. విడివిడిగా చూస్తే మామూలుగానే కనిపించే రెండు విషయాల మధ్య పొంతన కుదరకపోవడంలోనే అది ఎక్కువగా చిక్కుతుంది. ఆ రెండింటిలో ఒకటి దాదాపు ఎప్పుడూ రోగి ఒంటి మీదో, రోగి చెప్పే మాటలోనో ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా యంత్రాన్ని అడిగితే, అడిగిన మేరకే అది జవాబిస్తుంది.

మామూలు జబ్బునే ముందు అనుమానించడం తప్పేమీ కాదు. పక్కనే ఉన్న గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను ఇంటింటికీ వెళ్లి నమోదు చేసిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం 2006లో ఫలితాలు ప్రకటించింది. మొత్తం మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. పల్లెల్లో చావులకు అంటురోగాలే ముఖ్య కారణమన్న పాత అభిప్రాయాన్ని తోసిపుచ్చిన లెక్క అది. అలాంటి నేల మీద ఛాతీనొప్పితో వచ్చినవారిని ముందు గుండెపోటుగానే చూడాలి. రాష్ట్రం 2023లో మొదలుపెట్టిన స్టెమీ కార్యక్రమం పనిచేసేది కూడా ఈ పద్ధతిలోనే: చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి పెద్ద ఆసుపత్రికి పంపి, అక్కడి సలహాతో గడ్డ కరిగించే ఇంజెక్షన్ వెంటనే ఇస్తారు. దీనివల్ల నిలబడే ప్రాణాలు ఎన్నో. కానీ ఏ అలవాటు వందమందిని కాపాడుతుందో, అదే అలవాటు నూటొకటో మనిషి జబ్బును కప్పేస్తుంది. ఆ మనిషిని గుర్తుపట్టడానికి వందమందికీ అన్ని పరీక్షలూ చేయనక్కర్లేదు. ఎక్కడ ఆగి రెండోసారి చూడాలో తెలిస్తే చాలు.

దీనికి అన్నిటికన్నా మంచి సాక్ష్యం గుండె చుట్టూ ఉండే పైపొర, అంటే పెరికార్డియం, గట్టిపడి బిగుసుకుపోయే జబ్బు. మన దేశంలో దీనికి ముఖ్య కారణం టీబీ. ఎప్పుడో వచ్చి తగ్గిందనుకున్న టీబీ ఆ పొరను మెల్లగా మందం చేసి, ఒక్కోసారి సున్నంలా గట్టిపరిచి, గుండె సాగకుండా బిగించేస్తుంది. లోపలి కండరం బాగానే ఉంటుంది. కానీ రక్తం లోపలికి నిండే దారి లేక వెనక్కి నిలిచిపోతుంది. రోగికి పొట్టలో నీరు చేరుతుంది, కాలేయం ఉబ్బుతుంది, ఆకలి పోతుంది, కండ కరిగిపోతుంది. పొట్ట ఉబ్బిన మగవాడిని చూడగానే మన దగ్గర ఇంట్లోవాళ్లకీ వైద్యుడికీ ముందు తట్టేది మద్యం, దానివల్ల దెబ్బతిన్న కాలేయం. ఆ పేరు ఒకసారి చీటీ మీద పడ్డాక, తర్వాతి పరీక్షలన్నీ కాలేయం చుట్టూనే తిరుగుతాయి. పొరపాటును ఆపగలిగే గుర్తు మెడలో ఉంది. కాలేయం పాడై పొట్ట ఉబ్బిన మనిషికి మెడనరాలు సాధారణంగా ఉబ్బి ఉండవు. గుండె బిగుసుకుపోయినవాడికి కూర్చున్నా అవి చెవి దాకా నిండి కనిపిస్తాయి. మామూలుగా ఊపిరి లోపలికి పీల్చినప్పుడు మెడనరం కిందికి జారాలి. ఇక్కడ పైకి ఉబుకుతుంది. జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ 1873లో రాసిపెట్టిన గుర్తు ఇది. చూడటానికి అర నిమిషం, రోగిని వాలుగా కూర్చోబెట్టడానికి ఒక మంచం, మంచి వెలుతురు చాలు.

రెండో గుర్తు కాళ్లలో ఉంది. మామూలు గుండె బలహీనతలో వాపు ముందు కాళ్లకు వచ్చి ఆ తర్వాత పొట్టకు పాకుతుంది. పొర బిగుసుకున్న ఈ జబ్బులో తరచూ కాళ్లకన్నా ముందే, కాళ్లకు మించి పొట్ట ఉబ్బుతుంది. మూడోది పొట్టలోంచి తీసిన నీటి పరీక్ష. కాలేయం గట్టిపడ్డవారి నీటిలో ప్రొటీన్ డెసిలీటరుకు 2.5 గ్రాములలోపే ఉంటుంది. గుండె వల్ల చేరిన నీటిలో అంతకు మించి ఉంటుంది. ఆ పరీక్ష జిల్లాలో ఏ ల్యాబులోనైనా అవుతుంది. ఇక ఎకో సంగతి. హడావిడిలో చేసిన ఎకో ఈ రోగికి తరచూ ఇచ్చే జవాబు, గుండె పంపింగ్ 60 శాతం, అంతా మామూలు అని. అది అబద్ధం కాదు, కండరం నిజంగానే బాగుంది. కానీ మెడనరాలు నిండుగా ఉన్న మనిషికి పంపింగ్ బాగుందంటే పొంతన కుదరలేదన్నమాట. అక్కడ ఆగి, ఊపిరి తీసేటప్పుడూ వదిలేటప్పుడూ చాలా స్పందనలు నమోదు చేస్తూ మళ్లీ చూస్తే, రెండు కింది గదుల మధ్య గోడ శ్వాసతోపాటు అటూ ఇటూ ఊగడం కనిపిస్తుంది. కవాటపు అంచు దగ్గర కండరం కదిలే వేగం తగ్గకుండా, కొన్నిసార్లు మామూలుకన్నా ఎక్కువగా ఉంటుంది. కండరమే గట్టిపడిపోయే మరో రకం జబ్బులో ఈ వేగం పడిపోతుంది. ఒకదానికి ఆపరేషన్‌తో పొర తీసేస్తే మనిషి మళ్లీ పొలం పనికి వెళ్లగలడు. రెండోదానికి ఆ ఆపరేషన్ వృథా, పైగా ప్రమాదం. ఇంత తేడా తేల్చగలిగే కొలత ప్రతి ఎకో యంత్రంలోనూ ఉంది. దాన్ని తీయమని అడిగేవారు కావాలి.

ఎకోతో ఎందుకు, నేరుగా సీటీ తీస్తే పొర మందం కనపడిపోతుంది కదా అనే మాట సహజంగానే వస్తుంది. కనపడుతుంది, చాలామందిలో. కానీ అమెరికాలోని మేయో క్లినిక్ 2003లో ప్రచురించిన ఒక పరిశీలన ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఆపరేషన్‌లో ఈ జబ్బు రుజువైన 143 మందిలో 26 మందికి, అంటే 18 శాతానికి, పొర మందం మామూలుగానే ఉంది. ఆ 26 మందిలో ఎవరి విషయంలోనైనా వైద్యుడు సీటీనే నమ్ముకుని ఆగి ఉంటే, నయమయ్యే జబ్బు చేజారేది. అంటే సీటీ కూడా తన వంతు సాక్ష్యమే ఇస్తుంది, తీర్పు చెప్పలేదు. మెడనరం, నీటిలో ప్రొటీన్, ఊగే గోడ, పొర మందం అన్నీ ఒకే వైపు చూపినప్పుడు నిర్ధారణ గట్టిపడుతుంది. ఏదో ఒకటి ఎదురుతిరిగితే గుండెలోకి సన్నని గొట్టాలు పంపి రెండు గదుల ఒత్తిళ్లు ఒకేసారి కొలిచే పాత పరీక్ష ఉండనే ఉంది.

పొంతన లేకపోవడం యంత్రానికీ రోగికీ మధ్యే కాదు, రెండు యంత్రాల మధ్య కూడా ఉండవచ్చు. గుండె గోడల్లో అమైలాయిడ్ అనే అసహజ ప్రొటీన్ పేరుకుపోయే జబ్బులో జరిగేది అదే. ఎకోలో గోడలు మందంగా కనిపిస్తాయి, రిపోర్టులో 'బీపీ వల్ల మందమైన గుండె' అని రాసేస్తారు. కండరం నిజంగా పెరిగి ఉంటే ఈసీజీ గీతలు పెద్దవి కావాలి. ఇక్కడ చిన్నవిగా, లేదా గోడ మందానికి తగినంత పెద్దవి కాకుండా ఉంటాయి, ఎందుకంటే పెరిగింది కండరం కాదు, కండరాల మధ్య పేరుకున్న పనికిరాని పదార్థం. అందరిలోనూ ఈసీజీ చిన్నబోదన్నదీ నిజమే. వయసు మళ్లినవారికి వచ్చే రకంలో చాలామందికి గీతలు మామూలుగానే ఉంటాయి. అప్పుడు రోగి కథ చెబుతుంది. రెండు మణికట్లలోనూ తిమ్మిర్లు వచ్చి ఏళ్ల కిందట ఆపరేషన్ అయి ఉండటం, కాళ్లలో మొద్దుబారడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం ఇలాంటివి. ఇంకొక కథ మరీ మోసం చేస్తుంది: పదిహేనేళ్లుగా బీపీ మాత్రలు వేసుకుంటున్న పెద్దాయనకు ఈమధ్య బీపీ దానంతట అదే తగ్గిపోయిందని ఇంట్లోవాళ్లు సంతోషంగా చెబుతారు. గోడలు మందమవుతూ బీపీ తగ్గుతోందంటే సంతోషించాల్సిన సంగతి కాదు, వెంటనే ఆరా తీయాల్సిన సంగతి.

ఈ జబ్బు నిర్ధారణలో గత పదిహేనేళ్లలో బొమ్మల విద్య సాధించింది నిజంగా గొప్పది. గోడలోని ఒక్కో భాగం ఎంత కుదించుకుంటోందో రంగుల్లో చూపే స్ట్రెయిన్ ఎకోలో, గుండె మొన దగ్గర బాగుండి మొదలు దగ్గర పడిపోయే తీరు అమైలాయిడ్‌ను పట్టిస్తుంది. ఎముకల స్కాన్‌కు వాడే టెక్నీషియం మందు గుండెకు అంటుకుంటే, కండరం ముక్క తీయకుండానే ఒక రకాన్ని తేల్చవచ్చని 2016లో 1217 మంది రోగుల పరిశీలనతో రుజువైంది. దీన్ని వాడేటప్పుడు ఒక షరతు మరవకూడదు. ఎముక మజ్జలోని కణాలు అదుపు తప్పి తయారుచేసే మరో రకం అమైలాయిడ్‌లో కూడా ఐదుగురిలో ఒకరికి మించి గుండె ఈ స్కాన్‌లో వెలగవచ్చు. కాబట్టి రక్తంలో, మూత్రంలో ఆ అసహజ ప్రొటీన్ లేదని తేల్చుకున్నాకే స్కాన్‌ను నమ్మాలి. ఈ రెండో రకం రోగికి కాలం వారాల్లో లెక్క. వెంటనే రక్త క్యాన్సర్లకు ఇచ్చే మందులు మొదలుపెట్టాలి. వెలిగిన బొమ్మ చూసి వయసు మళ్లినవారి జబ్బు అని పంపేస్తే, ఆ స్కాన్ లేకపోయినా బాగుండేదనే స్థితి వస్తుంది. మంచి యంత్రం తప్పుడు వరుసలో వాడితే హాని చేస్తుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇక కండరమే అకారణంగా మందమయ్యే జబ్బు, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. ఇది ఐదువందల మందిలో ఒకరికి ఉండవచ్చని అమెరికాలో 1995లో అంచనా వేశారు, కాబట్టి అరుదనడం కన్నా అరుదుగా గుర్తించడం అనాలేమో. దీనిలో గుండె మొన ఒక్కటే మందమయ్యే రకాన్ని 1970లలో జపాన్ వైద్యులు వర్ణించారు. ఆ ఈసీజీలో టీ తరంగాలు లోతుగా తలకిందులవుతాయి. మన దగ్గర అలాంటి ఈసీజీ కనిపిస్తే గుండెపోటని యాంజియోగ్రామ్‌కు పంపుతారు. నాళాలు శుభ్రంగా ఉంటాయి. ఎకోలో మొన భాగం సరిగ్గా పడకపోతే అదీ మామూలుగానే వస్తుంది. అంత భయపెట్టే ఈసీజీకి శుభ్రమైన నాళాలు, మామూలు ఎకో జతపడవని ఆలోచించినవారే మొనను ప్రత్యేకంగా చూస్తారు, లేదా ఎంఆర్ఐ చేయిస్తారు. అప్పుడు లోపలి గది ఇస్పేటు ఆకారంలో కనిపిస్తుంది. ఆలోచించకపోతే 'గ్యాస్' అని సర్దిచెప్పి పంపడమో, లేని గుండెపోటుకు జీవితాంతం మందులు రాయడమో జరుగుతుంది. మధ్యగోడ మందమై రక్తం బయటికి వెళ్లే దారిని అడ్డుకునే రకానికి పక్కమీదే ఒక పరీక్ష ఉంది: రోగి గొంతుకూర్చుంటే మర్మర్ శబ్దం తగ్గుతుంది, లేచి నిలబడితే పెరుగుతుంది. చాలా కవాటాల జబ్బుల్లో దీనికి విరుద్ధంగా ఉంటుంది.

ఈ జబ్బు గురించి తెలుగు నేలకు దగ్గరి విషయం మరొకటి ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్ భాగస్వామిగా 2009లో వచ్చిన పరిశోధన, గుండె కండరపు ఒక జన్యువులో 25 అక్షరాలు రాలిపోయిన మార్పు భారతీయుల్లో దాదాపు 4 శాతం మందిలో ఉందని, అది గుండె బలహీనతకు ముప్పు పెంచుతుందని చెప్పింది. అప్పట్లో పత్రికల్లో పెద్ద వార్త. దాంతో జన్యు పరీక్షే నిర్ధారణ అనుకునేవాళ్లూ బయలుదేరారు. కానీ ఆ మార్పు ఉన్నవారిలో ఎక్కువమందికి జబ్బు రాదు. దానికి తోడు మరో మార్పు కూడా ఉన్నవారిలోనే ముప్పు ఎక్కువని 2018లో వచ్చిన పరిశోధన సూచించింది. వందకు నలుగురిలో కనిపించే జన్యు గుర్తు ఎవరికీ రోగమని ముద్ర వేయలేదు. ఒంటి మీది గుర్తులు, ఇంట్లో చిన్న వయసు మరణాలు, ఎకో చెప్పేది, వీటితో పొంతన కుదిరితేనే దానికి విలువ.

అన్నిటికన్నా చవకైన పొంతన పరీక్ష చేతికీ కాలికీ మధ్య, కుడి చేతికీ ఎడమ చేతికీ మధ్య ఉంది. ముప్పై ఏళ్లలోపు వారికి బీపీ ఎక్కువగా ఉంటే గజ్జల్లో నాడి పట్టి చూడాలి. చేతి నాడి కన్నా ఆలస్యంగా, బలహీనంగా కొడితే పుట్టుకతో మహాధమని సన్నబడి ఉండవచ్చు. యువతుల్లో ధమనుల గోడలు వాచి మూసుకుపోయే తకయాసు జబ్బులో ఒక చేతి నాడి అసలు అందకపోవచ్చు. 1908లో దాన్ని మొదట గుర్తించినది జపాన్ కంటి వైద్యుడు. మన దేశంలో ఇది పొట్టలోని మహాధమనినీ మూత్రపిండాల నాళాలనూ ఎక్కువగా పడుతుంది. అందుకే కొందరిలో అది తగ్గని బీపీగా బయటపడుతుంది. చేతి నాళమే మూసుకుపోయిన అమ్మాయికి ఆ చేతిలో బీపీ చూసి బాగుందనుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. నాలుగు అవయవాల్లో బీపీ చూడటానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత చేసే సీటీ యాంజియోగ్రామ్ ఏ నాళం ఎక్కడ మూసుకుందో ఇంచుతో సహా చెబుతుంది.

ఇక్కడ నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడం సబబు కాదు. మహాధమని లోపలి పొర చిరిగే ప్రమాదకర స్థితి గుండెపోటులానే వస్తుంది. అందులో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ప్రాణం తీయగలదు. అలాంటి 464 మంది వివరాలతో 2000లో వచ్చిన అంతర్జాతీయ నివేదికలో, నాడి తేడా దొరికింది సుమారు 15 శాతంలోనే. దాదాపు 12 శాతం మందికి ఛాతీ ఎక్స్‌రేలో ఏ తేడా లేదు. మరి ఒంటి మీది గుర్తును నమ్మితే నూటికి ఎనభై ఐదుగురిని వదిలేసినట్టు కాదా? గుర్తు కనపడకపోవడాన్ని జబ్బు లేదనడానికి వాడితే అదే జరుగుతుంది. నేను చెబుతున్నది ఉన్న గుర్తును వదలొద్దని. పైగా అదే నివేదికలో దాదాపు 85 శాతం మంది నొప్పి ఒక్కసారిగా, మొదటి క్షణంలోనే పూర్తి తీవ్రతతో మొదలైందని చెప్పారు. గుండెపోటు నొప్పి ఎక్కువగా మెల్లగా పెరుగుతుంది. ఎప్పుడు, ఎలా మొదలైందని అడగడమూ పరీక్షే, స్టెమీ ఇంజెక్షన్ తీసే ముందు అడగదగ్గ ప్రశ్న అది.

బొమ్మే మొదటి, చివరి మాట అయిన జబ్బులూ ఉన్నాయి. ఎడమ పై గదిలో పెరిగే మిక్సోమా అనే గడ్డ కవాటం సన్నబడ్డట్టు నటిస్తుంది, ముక్కలు విరిగి మెదడుకు చేరి పక్షవాతం తెస్తుంది, జ్వరం తెప్పించి టీబీ అనిపిస్తుంది. స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ 1953లో గుండె మీద అల్ట్రాసౌండ్ వాడకముందు దీన్ని బతికుండగా గుర్తించడం బహు కష్టం. ఇప్పుడు ఎకోలో ఒక్క చూపులో తేలిపోతుంది. పడుకునే భంగిమను బట్టి ఆయాసం, శబ్దం మారడం పాత పుస్తకాల్లోని గుర్తు. దానికోసం వేచి ఉండనక్కర్లేదు, వయసులో ఉన్నవారికి పక్షవాతం వస్తే ఎకో తప్పనిసరి.

పిల్లల విషయంలో మన ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. మేనరికాలు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, కాబట్టి తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపం అందితేనే వచ్చే జబ్బులు ఇక్కడ చూసుకోవాలి. పుట్టు చెవుడు ఉన్న పిల్లకు పరుగెత్తినప్పుడో భయపడ్డప్పుడో ఫిట్స్‌లా వచ్చి పడిపోతోందంటే, అది మెదడు జబ్బు కాక గుండె విద్యుత్తులో లోపం కావచ్చు. 1957లో నార్వే వైద్యులు జెర్వెల్, లాంగె నీల్సన్ ఒక కుటుంబంలో దీన్ని వర్ణించారు. ఒక్క ఈసీజీలో క్యూటీ వ్యవధి కొలిస్తే బయటపడుతుంది. ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) కింద చెవిటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు చేస్తున్న రాష్ట్రంలో, మత్తు ఇచ్చే ముందు ప్రతి బిడ్డకూ ఈ ఈసీజీ చూసి క్యూటీ కొలవడం ఆచారం కావాలి. మోచేతుల మీద, వేళ్ల మధ్య పసుపు బుడిపెలతో చర్మ వైద్యుడి దగ్గరికి వచ్చే పదేళ్ల పిల్లాడిదీ అలాంటి కథే. అది చర్మం జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన కొలెస్ట్రాల్ జబ్బు, గుండె నాళాలు అప్పటికే మూసుకుపోతూ ఉండవచ్చు. పుట్టుకతో గుండెలో లోపాలున్న పిల్లలకు విజయవాడ ఆంధ్రా హాస్పిటల్స్‌లో నటుడు మహేశ్‌బాబు ఫౌండేషన్ తోడ్పాటుతో ఆపరేషన్లు జరుగుతున్నాయి. చికిత్స ఇంత దగ్గరికి వచ్చినప్పుడు, పుట్టిన బిడ్డ కుడి చేతికీ కాలికీ ఆక్సిజన్ కొలిచి, గజ్జల్లో నాడి చూసి ఇంటికి పంపకపోవడానికి సాకు లేదు.

స్టెతస్కోపు కాలం చెల్లిందనేవారికి చేతిలో గట్టి ఆధారమే ఉంది. అమెరికాలో శిక్షణలో ఉన్న వైద్యులకు గుండె శబ్దాలు వినిపించి పరీక్షిస్తే, సరిగ్గా గుర్తించింది సుమారు 20 శాతమేనని 1997లో తేలింది. ఇక్కడ మెరుగ్గా ఉంటుందని నమ్మడానికి కారణం లేదు. కానీ పైన చెప్పిన గుర్తుల్లో చెవికి పెట్టిన పరీక్షలు ఎన్ని? మెడనరం కంటికి, గజ్జల నాడి వేలికి, నాలుగు చోట్ల బీపీ పట్టీకి, ఎప్పుడు మొదలైందన్నది నోటికి సంబంధించినవి. అరుదైన గుండె జబ్బుల్లో దారి చూపేవి ఎక్కువగా ఇలాంటివే. వీటికి సూక్ష్మమైన చెవి అక్కర్లేదు, రోగి చొక్కా విప్పించే ఓపిక కావాలి. మూడు నిమిషాలకొక రోగిని చూసే ఓపీలో ఆ ఓపిక ఎక్కడిదన్నది న్యాయమైన ప్రశ్న. అందుకే అందరికీ అన్నీ చూడమనడం లేదు. పొట్ట ఉబ్బినవారికి మెడ, చిన్న వయసు బీపీకి గజ్జ, మందమైన గోడకు ఈసీజీ, అంతే.

అంత తంటా ఎందుకు, చేతిలో పట్టే ఎకో యంత్రంతో ఊరూరా అందరినీ చూసేస్తే, కృత్రిమ మేధ చదివి చెబితే పోలేదా అనేది ఇప్పటి మాట. రెండు అడ్డంకులు. ఒకటి చట్టం: ఆడపిండాల హత్యను ఆపడానికి 1994లో వచ్చిన చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమూ నమోదు కావాలి. 2012 నుంచి పోర్టబుల్ యంత్రాలను ఆసుపత్రి ఆవరణ, సంచార వైద్య వాహనం దాటి వాడటానికి వీల్లేదు. అవసరమైన చట్టమే అది. రెండోది లెక్క. ఐదువందల్లో ఒకరికి ఉండే జబ్బు కోసం పదివేల మందిని, నూటికి 95 పాళ్లు సరిగ్గా చెప్పే పరీక్షతో చూశామనుకుందాం. నిజమైన రోగులు 20 మందిలో 19 మంది దొరుకుతారు, వారితోపాటు జబ్బు లేని 499 మందికి ఉందని వస్తుంది. అంటే భయపడ్డవారిలో నూటికి నలుగురు కూడా రోగులు కారు. అదే పరీక్షను, గుర్తులూ ఈసీజీ చూసి ఐదుగురిలో ఒకరికి ఉండవచ్చని అనుమానించిన వందమందికి చేస్తే, 19 మంది నిజం, నలుగురు అబద్ధం. పరీక్ష మారలేదు, దాని ముందు జరిగిన ఆలోచన మారింది. కృత్రిమ మేధ ఎంత తెలివిగా చదివినా ఈ కూడికలు తీసివేతలు దానికీ వర్తిస్తాయి.

గుర్తులూ బొమ్మా రెండూ చేతులెత్తేసే చోటును కూడా చెప్పుకోవాలి. నలభైలోపు మనిషికి గుండె విద్యుత్తు అడ్డంకి వచ్చి పేస్‌మేకర్ అవసరమైనా, కండరం బాగుండగానే ప్రమాదకరమైన లయ మొదలైనా, గుండెలో సార్కాయిడ్ అనే వాపు జబ్బును అనుమానించాలి. పెట్ స్కాన్‌లో గుండె, ఛాతీ మధ్య గ్రంథులు వెలుగుతాయి. కానీ మన దేశంలో టీబీ కూడా అలాగే వెలుగుతుంది. హైదరాబాద్ కేర్ ఆసుపత్రిలో డాక్టర్ కలంబూర్ నరసింహన్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధన ఈ చిక్కునే ఎదుర్కొంది. ఇలాంటి లయలతో వచ్చినవారిలో గ్రంథి ముక్క తీసి చూస్తే కొందరిలో సార్కాయిడ్, కొందరిలో టీబీ తేలింది. ఒకదానికి స్టెరాయిడ్లు, రెండోదానికి టీబీ మందులు. తప్పు పేరుతో స్టెరాయిడ్ మొదలుపెడితే టీబీ రెచ్చిపోతుంది. ఇక్కడ బొమ్మ చేసే మేలు ముక్క ఎక్కడ నుంచి తీయాలో చూపడం. విజయవాడలో పెట్ స్కాన్ చేయించి వెలుగు చూసి మందు రాయడం కన్నా, ఆ ముక్కను తీయించి పరీక్షకు పంపడం ఎక్కువ పని, ఎక్కువ ఫలితం.

అందుకే ఖర్చు గురించిన అభ్యంతరానికి నా జవాబు పరీక్షల సంఖ్య గురించి కాదు, వరుస గురించి. ఎంఆర్ఐ, పెట్, టెక్నీషియం స్కాన్ రోగి జేబుకు భారమే. అవనిగడ్డ నుంచి వచ్చినవారికి ప్రతి అదనపు రోజూ కూలి పోవడమే. కానీ మెడనరం చూసి ఎకో చీటీ మీద 'పొట్టలో నీరు, మెడనరాలు నిండుగా ఉన్నాయి, పెరికార్డియం బిగుసుకుందా? శ్వాసతో చూడండి' అని రాయడానికి ఖర్చు లేదు. ఇప్పుడు చీటీ మీద తరచూ ఉండేది 'ఎకో' అనే ఒక్క మాట. ఆ ఒక్క మాటకు వచ్చే జవాబు కూడా ఒక్క అంకె, పంపింగ్ శాతం. చీటీ మీద వైద్యుడు తన సందేహాన్ని ఒక వాక్యంగా రాయాలని ప్రభుత్వ ఆసుపత్రులూ ఎన్టీఆర్ వైద్య సేవ అనుమతుల విభాగమూ అడిగితే చాలు. రిపోర్టు ఇచ్చేవారు ఆ ప్రశ్నకు జవాబు దొరికిందో లేదో విడిగా రాస్తే ఇంకా మేలు. విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల్లో నెలకొకసారి, మొదట పడిన పేరు, చివరికి ఆపరేషన్‌లోనో ముక్క పరీక్షలోనో తేలిన పేరు పక్కపక్కన పెట్టి చూసే సమావేశం జరిగితే, డెల్టాలో ఏ జబ్బు ఏ ముసుగులో వస్తోందో రెండేళ్లలో మనకే తెలుస్తుంది. ఆ లెక్క విదేశీ పత్రికల్లో దొరకదు. ఇక్కడి చీటీల్లో రాసి ఉంచితేనే దొరుకుతుంది.